సుంకమ్మ మాత్ర మింగింది, నేను చూశాను

కొత్తగా ఈ పనిలో చేరేవాళ్ళకి ఏడాది తిరక్కుండానే ఒక జబ్బు పట్టుకుంటుంది. ఎదుటి మనిషి నిజం చెబుతున్నాడా, అబద్ధం చెబుతున్నాడా అన్నది మొహం చూసి తేల్చేయగలం అనుకునే జబ్బు. నాకది పదేళ్ళకు పైగా ఉండింది. కూరెకుప్పలో బొరుగుల ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు అమ్ముకునే సుంకమ్మ దాన్ని రెండు నెలల్లో కుదిర్చింది. నా సర్వీసులో చూసిన పెద్ద పెద్ద డాక్టర్లకన్నా ఆమెకే ఎక్కువ దండం పెడతాను. ఎందుకో రాస్తాను.

నేను బళ్ళారిలో ఏఆర్‌టీ సెంటర్లో పనిచేశాను. హెచ్‌ఐవీ ఉన్నవాళ్ళకి మాత్రలిచ్చే చోటు అది. నా పోస్టు పేరు కేర్ కోఆర్డినేటర్. జబ్బు ఉన్నవాళ్ళకే ఆ పోస్టు ఇస్తారు. నాకూ ఉంది, ఆ మాత్రల మీదే ఇన్నేళ్ళు బతికాను. అంతకుముందు గనుల దగ్గర ఇనుప రాయి లారీ తోలేవాడిని. అక్షరాలు నలభై దాటాక సెంటర్లోనే నేర్చుకున్నాను, ముందు రిజిస్టరు కోసం కన్నడ, తర్వాత పేపరు చదవడానికి తెలుగు. ఏ ఫారం ఎట్లా నింపాలి, రిపోర్టు ఏ తేదీకి పంపాలి అన్నవి మీకు ఆఫీసులో నేర్పిస్తారు. వాళ్ళు నేర్పించనిది నేను చెబుతాను.

నా ముక్కు

నెలకోసారి మాత్రలకు వచ్చేవాళ్ళు పాత డబ్బా వెంట తేవాలి. ఎన్ని మిగిలాయో చూసి, రోజూ మింగుతున్నారో లేదో అంచనా వేస్తాం. కెంచనగుడ్డ నుంచి ఒక వరి రైతు వచ్చేవాడు. ఏడాది పాటు ఆయన డబ్బాలో ఒక్క మాత్ర తేడా రాలేదు. అప్పటి మా డాక్టరు అందరికీ ఆయన్ని చూపించి, ఇట్లా ఉండాలి అనేవాడు. ఒకసారి వేరే పని మీద ఆ ఊరికి పోయాను. మనవాడు ఏటి ఒడ్డున కూర్చుని, డబ్బా బోర్లించి, మరుసటి రోజు సెంటర్లో ఎన్ని కనపడాలో అన్ని ఉంచుకుని మిగిలినవి తుంగభద్రలోకి వదులుతున్నాడు.

"ఏందప్పా ఇది?" అన్నాను.

"చేపలకి జబ్బు రాకుండా," అన్నాడు. మొహంలో ఏ మార్పూ లేదు.

ఆ సంగతి తెలిసినప్పటి నుంచి డాక్టరు నన్ను పిలిచి, "వన్నూరప్పా, నీ ముక్కే మనకు మిషను," అనేవాడు. మంచి మనిషే. కానీ ఆ మెప్పు నన్ను పాడుచేసింది. ఎవరి మీద నేను వేలు చూపిస్తే వాళ్ళు అబద్ధాలకోరు అని సెంటర్లో ఖాయమైపోయేది. అందులో ఎంతమంది నిజం చెప్పారో ఇప్పుడు తల్చుకుంటే అన్నం దిగదు.

దానికి తోడు మనది సరిహద్దు జిల్లా. ఇక్కడివాళ్ళు తెలిసినవాళ్ళ కంట పడకూడదని ఆంధ్రా వైపు పోయి వేరే పేరుతో మాత్రలు తెచ్చుకుంటారు. అక్కడివాళ్ళు అదే కారణానికి ఇక్కడికి వస్తారు. కొన్నాళ్ళు మింగి, మానేసి, ఇటొచ్చి "ఇదే మొదటిసారి" అంటారు. మానేసి మళ్ళీ మొదలుపెడితే ఏమవుతుందంటే, వైరస్ ఆ మందుకు అలవాటుపడుతుంది. దాన్ని తట్టుకుని బతకడం నేర్చుకుంటుంది. తర్వాత అదే మందు ఎంత మింగినా దానికి లెక్కలేదు. అందుకే కొత్తగా వచ్చిన ప్రతి మనిషినీ మేం మొదట అడిగేది ఒకటే: ముందు ఎక్కడైనా మింగావా?

ఆ ప్రశ్న సగం ప్రశ్నే అని నాకు తెలియడానికి సుంకమ్మ రావాల్సి వచ్చింది.

ఆరు నెలల పరీక్ష

ఆమెకు అప్పుడు ముప్పై అయిదేళ్ళు ఉంటాయేమో. భర్త లారీ డ్రైవరు, మూడేళ్ళ కిందట పోయాడు. అతనికి ఏ జబ్బు ఉండిందో ఇంట్లో ఎవరూ అడగలేదు, అతనూ చెప్పలేదు. ఈమెకు జ్వరాలు పట్టి పరీక్ష చేయిస్తే హెచ్‌ఐవీ అని తేలింది. మాత్రలు మొదలుపెట్టాం. అప్పట్లో మూడు మందులు కలిపి ఒకే మాత్రగా ఇచ్చేవాళ్ళం. రోజుకొకటి.

సరిగ్గా మింగితే ఆరు నెలల్లో రక్తంలో వైరస్ పరీక్షకు అందనంతగా తగ్గిపోవాలి. ఆమెకు ఏమంత తగ్గలేదు. రిపోర్టు నా చేతికిచ్చి మాట్లాడమన్నారు.

"మాత్రలు మింగుతాండావా?"

"మింగుతాండా."

"దినాం?"

"దినాం. అన్నం తినేది మర్సిపోతానేమో గానీ అది మర్సిపోను."

"ముందు యాడన్నా మింగినావా? ఆంధ్రా పక్క?"

"నేనేమన్నా పిచ్చిదాన్నా, రెండు తావల మింగేకి?"

"అయితే ఇది ఎందుకు తగ్గలేదు?"

"నన్నడిగితే? నువ్వు గదా ఆఫీసరు. ఆ మాత్ర మింగినకాడి నుంచి తల తిరుగుతాది, కండ్లు మూస్తే రంగుల కలలు. కలల్లో రైలు మింద కూచోని బజ్జీలు ఏస్తాండా. ఆ కలలన్నా ఎత్తుకుపోప్పా సామీ."

నేను ఆ మాట విని నవ్వాను. నా తప్పు చూడండి. ఆ కలలు ఆ మాత్ర వల్ల వచ్చేవి. ఎంతోమంది నాకే చెప్పుకున్నారు, నాకే వచ్చేవి. మాత్ర మింగని మనిషికి ఆ కలలు ఎట్లా వస్తాయి? సాక్ష్యం నా ముందు కూర్చుని మాట్లాడుతుంటే, నేను ఆమె కళ్ళలోకి చూసి, "సుంకమ్మా, నువ్వు అబద్ధం చెప్తాండావు" అన్నాను.

ఆమె లేచి నిలబడింది. అరవలేదు.

"సరే. నువ్వే వచ్చి సూడు. నా అంగడి ముందర కూచో. నేను మింగేది సూడు, నోరు తెరుస్తా, నాలిక ఎత్తుతా. ఎన్ని దినాలు సూస్తావో సూడు. అంగడి ఇడిసి నేను రాను. నీకే అనుమానం, నువ్వే రావాల."

"రాననుకుంటాండావా?" అన్నాను.

ఒప్పుకుంటున్నాను, ఆమె మీద దయతో పోలేదు. పట్టుకుందామని పోయాను.

బజ్జీల కోసం పడి చచ్చేవాడు

అప్పటికి మా సెంటరుకు హుబ్బళ్ళి వైపు నుంచి కొత్త డాక్టరమ్మ వచ్చింది. సన్నటి మనిషి, మాట మెల్లగా ఉంటుంది, పట్టు వదలదు. ఎట్లాగూ మూడు నెలల తర్వాత మళ్ళీ పరీక్ష చేయాలి, ఈ మూడు నెలలూ చూడు అంది. పడుకునే ముందు మింగాల్సిన మాత్రను, నా ప్రయాణం కోసం, సాయంత్రం ఏడింటికి మార్చింది.

రోజూ డ్యూటీ అయ్యాక బళ్ళారిలో రైలెక్కి తోరణగల్లులో దిగి, షేరాటోలో కూరెకుప్ప. రోడ్డు పక్కన రేకుల షెడ్డు ఆమె అంగడి. ఫ్యాక్టరీ షిఫ్టు దిగినవాళ్ళు మూగి ఉంటారు. ఒకరికి పొట్లం కడుతూ, ఇంకొకరిని తిడుతూ, బాణలి ముందు నుంచి కదలకుండా ఏడింటికి చెంబు అందుకునేది. మాత్ర వేసుకుని, నీళ్ళు తాగి, నా వైపు తిరిగి నోరు తెరిచేది. "సూసినావా? లోపల టార్చి ఏసి సూడు కావాలంటే." నేను తర్వాత ఇంకో గంట అక్కడే కూర్చునేవాడిని, బయటికి పోయి కక్కేస్తుందేమోనని.

ఈ ముసలాడెవరని జనం అడిగారు. జబ్బు సంగతి బయటపడకూడదు కదా. ఆమె గరిటె తిప్పుతూనే, "మా పెద్దమ్మ కొడుకు. బజ్జీలంటే పడి సస్తాడు, రైలెక్కి వస్తాడు" అంది. దాంతో రోజూ ఒక ప్లేటు తినక తప్పలేదు. నా కడుపు ఆ బజ్జీల నుంచి ఇప్పటికీ కోలుకోలేదు.

నన్ను ఒకడు మాత్రం అనుమానంగా చూసేవాడు. బసవరాజు, క్రేన్ ఆపరేటర్, కన్నడ మనిషి, నలభై దగ్గర వయసు. "ఏనప్పా, ఇవత్తూ బందియా?" అనేవాడు, ఇవాళ కూడా వచ్చావా అని. రెండో వారంలో సుంకమ్మ అసలు సంగతి చెప్పింది.

"ఆయప్ప నన్ను పెండ్లి చేసుకుంటానన్యాడు. నాకు ఈ జబ్బు ఉండాదని చెప్పినా. నాలుగు దినాలు కనపడల్యా. ఐదో దినం వచ్చి ఒక ప్లేటు ఉగ్గాని అన్యాడు. తినేసి, చెయ్యి కడుక్కోని, మళ్ళా అడిగినాడు."

"నువ్వేమన్యావు?"

"నా రక్తంలో అది కనపడనంత తగ్గితే ఇంగొకరికి అంటదని డాక్టరమ్మ చెప్పింది గదా. అది తగ్గేదాకా నన్ను అడగొద్దన్యా. నాకు వచ్చింది నా తావనే నిలబడిపోవాల. ఆయప్పకి పోకూడదు." అని నా ప్లేటులో ఇంకో బజ్జీ పడేసింది. "ఇంగ చెప్పు. అంత పెట్టుకోని నేను మాత్ర ఎగ్గొడతానా?"

అప్పటికీ నేను నమ్మలేదు. మంచి కథ చెప్పింది అనుకున్నాను.

రెండో నెలలో ఒకరోజు బస్సులు ఆగిపోయాయి, రైలూ దొరకలేదు. ఒక్క రోజుకు ఏమవుతుందిలే అని బళ్ళారి కౌల్ బజార్లో మా ఇంట్లోనే ఉండిపోయాను. ఏడు కావస్తుండగా ఆటోలు, బైకుల మధ్య నుంచి తోసుకుంటూ సుంకమ్మ వచ్చింది. బస్సులు లేవని విని ఇనుప రాయి లారీ ఎక్కి, ఇల్లు అడుక్కుంటూ వచ్చిందట, చీర నిండా ఎర్రటి దుమ్ము. చేతిగుడ్డలో మాత్ర మూట కట్టి ఉంది.

"నీళ్ళియ్యి" అంది. మింగింది. నోరు తెరిచింది.

"ఇంత దూరం ఎందుకొచ్చినావమ్మా? ఫోన్ చేసింటే సరిపోయేది."

"ఒక్క దినం సూల్యా అని రేపు నువ్వే అంటావు. నాకు తెల్యదా నీ సంగతి?"

నిజమే, అనేవాడిని.

ఆమె ఎత్తిన నాలుక కింద మాత్ర లేదు. కానీ నాలుక మీద తెల్లటి పూత చూశాను. వారం నుంచి కొంచెం కొంచెంగా వస్తూనే ఉండి ఉండాలి. దొంగను పట్టుకునే ఆత్రంలో నాలుక కిందే చూశాను గానీ నాలుకను చూడలేదు. ఒంట్లో శక్తి పడిపోతున్నప్పుడు వచ్చే పూత అది. రవిక భుజాల దగ్గర వదులైంది. మాత్ర కళ్ళముందే లోపలికి పోతోంది, మనిషి కళ్ళముందే కరిగిపోతోంది. అప్పుడు భయం వేసింది. ఆమె అబద్ధం చెబుతున్నంత కాలం నాకు భయం లేదు, తిట్టి దారిలో పెట్టొచ్చు. నిజం చెబుతోందంటే మాత్రం, తప్పు ఆమె దగ్గర లేదు. మేమిచ్చే మాత్రలోనే ఉంది.

పొద్దున్నే డాక్టరమ్మకు చెప్పాను. ఆమె వెంటనే నోటి పూతకు మందిచ్చింది. మూడు నెలలు నిండే దాకా ఆగకుండా రక్తం తీయించింది.

డాక్టరమ్మ అడిగిన ప్రశ్న

వైరస్ తగ్గలేదు సరికదా, పెరిగింది. ఆ మాట సుంకమ్మకు డాక్టరమ్మే చెప్పింది. నేను పక్కన తలొంచుకుని నిలబడ్డాను. సుంకమ్మ నా వైపు తిరిగి పకపకా నవ్వింది. తన ఒంట్లో వైరస్ పెరిగిందని విని నవ్విన మనిషిని నా సర్వీసులో ఇంకొకరిని చూడలేదు.

"ఇప్పుడు చెప్పప్పా! మింగినానా ల్యాదా?"

"మింగినావు తల్లీ," అన్నాను.

నవ్వు ఆగాక కుర్చీలో కూలబడి, "అయితే నేను సస్తానా మేడమ్?" అని అడిగింది.

డాక్టరమ్మ ఆ ప్రశ్నకు జవాబు చెప్పకుండా ఇంకొకటి అడిగింది. "సుంకమ్మా, నువ్వు మింగిలేదు ఇంతకు ముందు, సరి. మీ యజమానరు మింగినారా? ఏదైనా మాత్ర?"

అంతవరకూ మేమెవ్వరం ఆమె భర్త గురించి అది అడగలేదు. నేను ఆరు సార్లు ఆమెనే అడిగాను.

సుంకమ్మ ఆలోచించింది. "తెల్ల డబ్బా ఒకటి ఉండేది. లారీలో సీటు కింద. పేరు గీకేసింటాది. ఒంట్లో బాగలేకుంటే రెండు దినాలు మింగేవాడు, బాగైతే ఇడిసేవాడు. ఏందదని అడిగితే, బలం మాత్రలు, దోస్తు ఇచ్చినాడన్యాడు."



ఆ డబ్బా నాకు తెలుసు. ఆమె భర్తది కాకపోవచ్చు, అట్లాంటివి తెలుసు. గనుల లారీలు తోలే రోజుల్లో మాలో జబ్బు ఉన్నవాళ్ళం ఒకరికొకరం తెలుసు, ఇంట్లోవాళ్ళకు తెలియకపోయినా. పేరు నమోదు చేయించుకునే ధైర్యం కొందరికే ఉండేది. నమోదైనవాడు తన మాత్రలు లేనివాడితో పంచుకునేవాడు. అన్నం పంచుకున్నట్టే. డబ్బా మీద పేరు గీకేసి ఇచ్చేవాళ్ళం. నేనూ ఇచ్చాను, ఇద్దరికి. గొప్ప పని చేశాననుకున్నాను. ఇచ్చినవాడికీ సగమే, తీసుకున్నవాడికీ సగమే. ఇద్దరి ఒంట్లోనూ వైరస్ చావలేదు, మందుకు అలవాటుపడింది. అప్పటి మాత్ర, సుంకమ్మకిచ్చిన మాత్ర పేర్లు వేరైనా ఒక మందు రెండింట్లోనూ అదే, ఇంకొకటి ఒకే జాతిదని డాక్టరమ్మ చెప్పింది. అంటే ఆమె మొదటి మాత్ర మింగకముందే, ఆ మాత్రను తట్టుకోగల వైరస్ భర్త నుంచి ఆమె ఒంట్లోకి వచ్చి కూర్చుంది. ఆమె చేసిన తప్పు ఏమీ లేదు.

అది నిరూపించాలి. ఏ మందు పనిచేస్తుందో ఏది చెయ్యదో తేల్చే పరీక్ష పెద్ద ఊళ్ళో చేస్తారు, మాత్రలు మార్చాలంటే పై కమిటీ ఒప్పుకోవాలి. డాక్టరమ్మ నా ముందే ఫోన్ చేసింది. అటువైపు కమిటీ పెద్దాయన, మొదటిసారి మందులు వాడే మనిషికి ఇట్లా కావడం అరుదు, మింగడం లేదని రాసుకోండి, ఇంకో మూడు నెలలు బుద్ధి చెప్పండి అన్నాడు. సరిగ్గా నేనన్న మాటే. నా గొంతు నేనే విన్నట్టుంది.

డాక్టరమ్మ గొంతు పెంచలేదు. "సార్, ఆమెకు ఇంకో మూడు నెలలు లేవు. ఆమె ప్రతి మాత్రా మింగడం కళ్ళారా చూసిన మనిషి నా పక్కనే ఉన్నాడు. మన జిల్లాలో ఎవరినీ నమ్మని మనిషి. అతను నమ్మాడు," అంది.

నా చేత ఒక పేజీ రాయించింది. ఏ రోజు ఎన్ని గంటలకు, ఎక్కడ, ఏం చూశానో. రాయడానికి పూట పట్టింది. రక్తం పరీక్షకు పోయింది. డాక్టరమ్మ అన్నట్టే తేలింది: మాత్రలోని మూడింట్లో రెండు మందులు సుంకమ్మ వైరస్‌ను ఏమీ చేయలేకపోతున్నాయి. కమిటీ ఒప్పుకుంది, వేరే మాత్రలు మొదలయ్యాయి.

అవి ఇచ్చిన రోజు సుంకమ్మను పక్కకు పిలిచి, డబ్బాలు పంచుకున్న సంగతి చెప్పాను. నేను కూడా ఇచ్చినవాడినే అని చెప్పాను. తిడుతుందనుకున్నాను.

"మా ఆయనకి ఇచ్చినోడు నువ్వేనా?"

"కాదు. కానీ నాలాంటోడే."

"తన ప్రాణంలో సగం తీసి ఇచ్చినాడు పాపం, తెల్యక. వాన్ని ఏమనను. నన్ను దొంగని సూసినట్టు సూసినావు సూడు, దానికి నిన్ను బతికినన్ని దినాలు తిడతా." తిట్టింది కూడా. ఇప్పటికీ తిడుతుంది.

మీకు చెప్పేది

ఇప్పుడిస్తున్న కొత్త మాత్ర గట్టిది, వైరస్ దాన్ని అంత సులువుగా దాటలేదంటారు. సంతోషం. అయినా వైరస్ తగ్గని మనిషి మీ ముందు ఎప్పుడో ఒకప్పుడు కూర్చుంటుంది. మింగడం మానేసినవాళ్ళే ఎక్కువ ఉంటారు, అది నిజం, నేను కాదనను. ఏట్లో చేపలకు మందులేసేవాళ్ళు మీకూ తగులుతారు. కానీ ఆ మాట అనే ముందు, ఆమెకు ఎవరి నుంచి వచ్చిందో, ఆ మనిషి ఏమేం మింగాడో అడగండి. కలలు వస్తున్నాయా అని అడగండి. నోరు తెరిపిస్తే నోరంతా చూడండి. అన్నిటికన్నా ముందు, ఆమె మాట నిజమైతే మనం ఏం చేయాలో అది మొదలుపెట్టండి. ఆమె అబద్ధమాడితే మనకు పోయేది కొంచెం శ్రమ. మనం తప్పైతే పోయేది ఆమె.

మెల్లగా మాట్లాడి, పట్టు వదలని డాక్టరు మీకు దొరికితే అదృష్టం. దొరక్కపోతే మీరే పట్టుబట్టండి. నాలాగా నమ్మడానికి రెండు నెలలు తీసుకోకండి.

కొత్త మాత్రలు మొదలుపెట్టిన ఆరు నెలలకు సుంకమ్మ రక్తం మళ్ళీ పరీక్షకు పంపాం. రిపోర్టు వచ్చిన రోజు ఆమె పొద్దున ఎనిమిదింటికే వచ్చి బెంచీ మీద కూర్చుంది. ఆ రోజుకు అంగడి కట్టేసింది. మొహం నిండింది, రవిక మళ్ళీ బిగువైంది. డాక్టరమ్మ కాగితం చదివి, లేచి వచ్చి ఆమె రెండు చేతులూ పట్టుకుంది. "కాణల్లా. కనపడలేదు సుంకమ్మా. వైరస్ కనపడలేదు."

సుంకమ్మ నావైపు చూసింది, నేను తలూపాను. అప్పుడు నమ్మింది. కాగితాన్ని కాదు, నన్ను చూసి నమ్మింది. అంత దూరం వచ్చాం మేమిద్దరం.

వరండాలోకి పోయి గోడ వైపు తిరిగి ఫోన్ చేసింది. నేను ఆమె మాటలే విన్నాను.

"ఆ... నేనే. వచ్చినాది... ల్యాదంట. కనపడల్యా అంట... నిజంగానే చెప్తాండా, డాక్టరమ్మ చెప్పింది, వన్నూరప్ప కూడా ఈడే ఉన్నాడు... క్రేన్ మింద ఉన్నావా? అయితే దిగు. దిగి మాట్లాడు... దిగినావా? సరే."

పైట చెంగుతో కళ్ళు తుడుచుకుంది.

"ఇంగ అడుగు... ఏందని అంటావేంది? అడగొద్దన్యా గదా నేను. ఇప్పుడు అడుగు. ఆ పొద్దు అడిగినట్టే అడుగు."